మంజూరైన ఓర్పు

వేమగుంటపాలెం మునిసిపాలిటీలో కుళాయి నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి. ఉత్తర్వులు అలా కాదు, రోజూ వస్తాయి. ఒక్కోరోజు రెండు పూటలా వస్తాయి. ఊళ్ళోవాళ్ళు రెండింటికీ అలవాటు పడిపోయి, నీళ్ళొచ్చిన రోజు బిందెలు నింపుకుంటారు, ఉత్తర్వులొచ్చిన రోజు ఊరుకుంటారు. ఊరుకోవడానికి వీల్లేనిది ఆ ఆఫీసులో పనిచేసే అరవై నలుగురికే.

ఆ అరవై నలుగురిలో జనన మరణాల గది అటెండరు అచ్చియ్యమ్మ ఒకతె. ఆవిడ చదువు అయిదో తరగతి దగ్గర ఆగిపోయింది గానీ, గదిలో ఉన్న డెబ్బై ఏళ్ళ రిజిస్టర్లూ ఆవిడ బుర్రలో దొంతరలుగా పేర్చి ఉన్నాయి. ఎవరైనా వచ్చి, "మా నాన్న పుట్టిన తేదీ కావాలండి, ఏ సంవత్సరమో తెలీదండి" అంటే, "మీ నానమ్మది ఏ ఊరండి? మీ నాన్న కడుపులో ఉండగా కాలవకి గండి పడిందని ఎప్పుడైనా అనేవారా అండి?" అని రెండే రెండు ప్రశ్నలు వేసేది. తర్వాత నిచ్చెనెక్కి సరైన పుస్తకం దించేది. ఇప్పటికీ దించుతోంది. అందులో పేరే చదవలేకపోతోంది. రెండు కళ్ళలోనూ శుక్లాలు. పాత సిరా అక్షరాలన్నీ తడిసిన కాటుకలా అలుక్కుపోయి కనిపిస్తున్నాయి.

కంటి డాక్టరమ్మ నవంబరు నెలాఖర్లో చూసి, "ఆపరేషన్ చేస్తే శుభ్రంగా కనిపిస్తుందమ్మా. కానీ మీ షుగరు మూడొందలు దాటింది. ఇలా ఉంటే నేను చెయ్యి వెయ్యను. ఏప్రిల్ రెండో తారీకున రండి. రెండొందల లోపుంటే మర్నాడే చేసేస్తాను" అంది.

ఆ మాట ఎలా తెలిసిందో మేనేజరు పేరిశాస్త్రి గారికి తెలిసింది. ఆయన మంచాన పడ్డవాణ్ణి పలకరించినా అధికార భాషలోనే పలకరిస్తారు. "దృష్టిలోపము గల సిబ్బందిని రికార్డు గదిలో కొనసాగించుట నిబంధనలకు విరుద్ధమమ్మా. ఏప్రిల్ నెలాఖరులోగా దృష్టిని పునరుద్ధరించుకొననిచో, మిమ్మల్ని గేటు విధులకు మార్చవలసి వస్తుంది" అన్నారు.

ముప్పై ఏళ్ళు ఊరందరి పుట్టుకలకీ కాపలా ఉన్న మనిషి, చెత్త బండి వస్తే గేటు తియ్యడం, పోతే గేటు వెయ్యడం. అచ్చియ్యమ్మకి ఆ రాత్రి అన్నం సయించలేదు. తెల్లారి లేచి, ఇహ టీలో పంచదార వెయ్యకూడదు, మిఠాయి ముట్టుకోకూడదు అనుకుంది. అనుకోవడానికేం, అంతకుముందు చాలాసార్లే అనుకుంది. ఈసారి మాత్రం ఓ ఖాళీ టీపొడి డబ్బా తీసుకుంది. తీపి ముట్టని రోజు అందులో ఒక చింతగింజ వేస్తుంది. ముట్టిన రోజు వెయ్యదు. వెయ్యదంతే, ఉన్నవాటిలోంచి తియ్యదు. అదీ ఆవిడ పద్ధతి.

సరిగ్గా డిసెంబరు ఒకటో తారీకునే కమిషనర్ ప్రభంజనరావు గారు ఏదో శిక్షణ ముగించుకుని ఊళ్ళోకి దిగారు. మంచి అలవాట్ల మీద మూడు రోజుల శిక్షణ అట. వస్తూనే మీటింగు పెట్టారు. మంచి మనిషే, పాపం. కాస్త బొద్దుగా ఉంటారు, రెండో అంతస్తు ఎక్కేసరికి మెట్ల మీద ఒకసారి ఆగి గోడమీద పటాలు చూస్తున్నట్టు నిలబడతారు. ఆ గోడమీద పటాలేం లేవు.

సాయంత్రానికల్లా ఉత్తర్వు వచ్చింది. "ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయడమేమనగా, ప్రతి ఉద్యోగి ఒక సదలవాటును ఎన్నుకొని, ఒక మండలం, అనగా నలభై దినములు, అవిచ్ఛిన్నముగా ఆచరించవలెను. ఏ దినమైనను తప్పినచో, అది సర్వీసులో విరామముగా పరిగణించబడి, పూర్వపు దినములన్నియు రద్దగును. సదరు ఉద్యోగి తిరిగి మొదటి దినము నుండి ప్రారంభించవలెను."

రద్దు అనే ఆలోచన పేరిశాస్త్రి గారిది. ఉద్యోగంలో మధ్యలో విరామం వస్తే పాత సర్వీసు పోతుంది కదా, అలవాటుకి మాత్రం మినహాయింపు ఎందుకు ఉండాలి అని ఆయన వాదన. దానికోసం అట్ట వేసిన పెద్ద రిజిస్టరు ఒకటి పెట్టారు. మనిషికో పేజీ. చేసిన రోజు ఎన్నో రోజో ఆ అంకె వెయ్యాలి, తప్పిన రోజు సున్న చుట్టాలి. రిజిస్టర్లు మొయ్యడం అచ్చియ్యమ్మ పని గనక, రోజూ పొద్దున్నే దాన్ని చంకన పెట్టుకుని బల్ల బల్లకీ తిరిగి, ఆఖర్న కమిషనర్ గారి గదికి తీసుకెళ్ళేది.

పన్నుల విభాగంలో గుమాస్తా సుభానీ జర్దా కిళ్ళీ మానేస్తానని రాశాడు. పేరిశాస్త్రి గారు కోపం మానేస్తానని రాశారు. సగంమంది నడుస్తామన్నారు. కమిషనర్ గారు కూడా నడకే రాశారు, పొద్దున్నే అయిదు కిలోమీటర్లు.

అచ్చియ్యమ్మ పదకొండు రోజులు నెగ్గుకొచ్చింది. పన్నెండో రోజున కుళాయిల మేస్త్రీ మనవరాలి బారసాల. నేతిబొబ్బట్టు ఆకులో పడేసరికి చెయ్యి తనంతట తనే వెళ్ళిపోయింది. మర్నాడు సున్న చుట్టించుకుని, ఆ మర్నాడు రిజిస్టరు తెరిస్తే, పేరిశాస్త్రి గారు ఆవిడ పేరెదురుగా 'ఒకటి' వేశారు.

"ఒకటేంటండి శాస్త్రిగారు, పదకొండు రోజులు తీపి ముట్టలేదు కదండి నేను."

"రద్దయ్యాయమ్మా."

"రద్దంటే ఎక్కడికి పోతాయండి?"

"రికార్డు నుంచి తొలగిపోతాయి."

"నా ఒంట్లోంచి కూడా తొలగిపోతాయా అండి?"

పేరిశాస్త్రి గారు కళ్ళద్దాలు తుడుచుకుని, "శరీరం మన శాఖ పరిధిలోకి రాదు" అన్నారు.

అచ్చియ్యమ్మ తన గదికి పోయి డబ్బా కదిపి చూసింది. గింజలు గలగలమన్నాయి. పదకొండుకి ఇంకోటి చేర్చింది. పన్నెండు.

సుభానీ సంగతి ఇంకా ఘోరం. ముప్పై తొమ్మిది రోజులు కిళ్ళీకొట్టు వైపు చూడకుండా గడిపాడు. నలభయ్యో రోజున పెళ్ళివారి బస్సులో పక్క మనిషి వీడి నోట్లో కిళ్ళీ పెట్టాడట. మర్నాడు సున్న. "పిన్నిగారూ, ముప్పై తొమ్మిది రోజులు పోయాక ఇంక ఒకటి తింటే ఏంటి, పది తింటే ఏంటండి" అని, వారంపాటు మూడు పూటలా నమిలాడు. అంతకుముందు రోజుకి రెండే తినేవాడు.

జనవరి నెలాఖరుకి పై ఆఫీసుకి రిపోర్టు పంపాలి. లెక్క తీస్తే అరవై నలుగురిలో మండలం పూర్తి చేసినవాళ్ళు సున్న. యాభై తొమ్మిది మంది మొదటి రోజులో ఉన్నారు. మిగతా అయిదుగురు మొదలే పెట్టలేదు. వాళ్ళే కాస్త తేటగా కనిపిస్తున్నారు.

కమిషనర్ గారు కంగారుపడి బయటి నుంచి ఒక ఉపన్యాసకురాలిని పిలిపించారు. ఆవిడ గంటసేపు మంచిగానే మాట్లాడింది. అలవాట్లు నిదానంగా వస్తాయి, తప్పితే తిట్టుకోకండి, మీ మీద మీరు ఓర్పు వహించండి అంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆవిడ రైలు ఎక్కిందో లేదో, ఆ ఓర్పు కూడా ఉత్తర్వయిపోయింది.

"ప్రతి ఉద్యోగి తనపట్ల తాను ఓర్పు వహించుట తప్పనిసరి. ఓర్పు వహించుటలో జాప్యం చేయువారిపై తక్షణమే క్రమశిక్షణ చర్య గైకొనబడును. ఒక్కొక్కరికి సాలుకు పదిహేను దినముల ఓర్పు మంజూరు చేయడమైనది. సదరు ఓర్పు కావలసినవారు, తప్పు చేయుటకు మూడు దినములు ముందుగా, కారణములు చూపుతూ దరఖాస్తు చేసుకొనవలెను."

అచ్చియ్యమ్మ ఫిబ్రవరిలో ఒకసారి ఆఫీసు మెట్లమీద ఎవరో పంచిన జీళ్ళు రెండు నోట్లో వేసుకుంది. వేసుకుని, పద్ధతి ప్రకారం వెళ్ళి చెప్పింది.

"దరఖాస్తు ఏదమ్మా?" అన్నారు శాస్త్రిగారు.

"ఇప్పుడే తిన్నానండి."

"మూడు రోజుల ముందు పెట్టుకోవాలి కదా."

"జీళ్ళు పంచుతారని మూడు రోజుల ముందు నాకెలా తెలుస్తదండి?"

"ముందుచూపు లేకపోవడం కూడా ఒక దురలవాటే. రాసుకుంటున్నాను" అని సున్న చుట్టి పక్కన ఏదో రాశారు.

సుభానీ మాత్రం తెలివిగా దరఖాస్తు పెట్టాడు. వచ్చే శుక్రవారం సాయంత్రం నాలుగున్నరకు ఒక కిళ్ళీ నమల సంకల్పించితినని, తనపట్ల తాను ఓర్పు వహించుటకు అనుమతించ ప్రార్థన అని. నాలుగు బల్లలు తిరిగి మంజూరై వచ్చింది. తీరా శుక్రవారం నాడు వాడికి పంటినొప్పి. వద్దనిపించింది. పేరిశాస్త్రి గారు గడియారం చూసుకుంటూ బల్ల దగ్గర నిలబడ్డారు.

"మంజూరైన తప్పు చేయకపోతే ఆడిట్ అభ్యంతరం వస్తుంది సుభానీ. కానివ్వు."

సుభానీ కళ్ళ నీళ్ళు పెట్టుకుంటూ నమిలాడు.

ఈలోగా అచ్చియ్యమ్మ డబ్బాలో గింజలు పెరుగుతూనే ఉన్నాయి. ఒక వారంలో ఏడూ పడేవి, ఒక వారంలో నాలుగే పడేవి. రిజిస్టరు పేజీ మాత్రం ఒకట్లతో, రెళ్ళతో, సున్నలతో చింపిరిగా ఉండేది. ఆ డబ్బా పక్కనే అరలో ఇంకో డబ్బా కూడా ఉంది. దాని సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు.

మార్చి ఇరవయ్యారున మూడో ఉత్తర్వు వచ్చింది. ఆర్థిక సంవత్సరం ముగుస్తోంది, మంజూరైన ఓర్పులో ఇంకా తొమ్మిదొందల చిల్లర దినములు వాడకుండా పడి ఉంది. ముప్పై ఒకటో తారీకు సాయంత్రం అయిదు గంటలలోగా వాడనిచో అది మురిగిపోవును. వాడనివారు తమపట్ల కర్కశముగా ప్రవర్తించినట్లు భావించి, వారి స్థానచలనము పరిశీలించబడును.

"అంటే గేటేనా అండి?" అంది అచ్చియ్యమ్మ.

"మీ ఓర్పు పదిహేనుకి పదిహేనూ అలాగే ఉంది. మీరు ఒక్క దరఖాస్తు కూడా పెట్టలేదు. నేనేం చెయ్యను?" అన్నారు శాస్త్రిగారు. ఆయన మొహంలో నిజంగానే జాలి ఉంది.

ముప్పై ఒకటిన మీటింగు హాల్లో ఏర్పాట్లు చేశారు. నడుస్తామని రాసినవాళ్ళు గోడవారగా కుర్చీల్లో కూర్చుని నడవకుండా ఉండాలి. పదిహేను రోజుల నడవకపోవడం ఒక్క పూటలో పూర్తి చెయ్యాలి గనక, గంటకి మూడు రోజుల చొప్పున కూర్చున్నారు. తెల్లవారుజామున లేస్తానన్న బిల్లు కలెక్టరుని బెంచీమీద పడుకోబెట్టారు. పాపం అతనికి నిద్ర రాక కళ్ళు మూసుకుని సినిమా పాటలు పాడుకుంటున్నాడు. పేరిశాస్త్రి గారికి పదిహేను కోపాలు బాకీ. మధ్యాహ్నానికి పదకొండు అయ్యాయి. పన్నెండో దానికి కారణం దొరక్క, సీలింగు ఫ్యాను కింద నిలబడి దాన్ని ఏకవచనంలో తిడుతున్నారు. సుభానీ ముందు కిళ్ళీల దొంతర.

అచ్చియ్యమ్మ ముందు పళ్ళెంలో పదిహేను మడతకాజాలు పెట్టారు. రోజుకొకటి చొప్పున. పాకం కారుతోంది. వాసనకి ప్రాణం లాగేస్తోంది, అబద్ధం ఎందుకు. కానీ ఎల్లుండి రక్తపరీక్ష. తింటే కన్ను పోయినట్టే, గేటు ఖాయం. తినకపోతే కర్కశురాలు, అప్పుడూ గేటే.

"పిన్నిగారూ, నాలుగు నేను తినేస్తానండి, మీరు నా కిళ్ళీలు రెండు చూసుకోండి" అని గొణిగాడు సుభానీ.

అచ్చియ్యమ్మ పళ్ళెం పైకెత్తి, "శాస్త్రిగారండి, ఒక మాటండి. ఈ ఓర్పు నా మీద నేనే వాడుకోవాలా అండి, ఇంకొకరికి ఇవ్వచ్చా అండి?" అని అడిగింది.

పేరిశాస్త్రి గారు ఫ్యానుని వదిలిపెట్టి ఉత్తర్వు మూడుసార్లు చదివారు. "ఇవ్వవచ్చునని లేదు. ఇవ్వకూడదనీ లేదు. ఏదీ లేనిచోట కమిషనర్ గారి విచక్షణ."

అచ్చియ్యమ్మ పళ్ళెం పట్టుకుని, దారిలో తన గదిలోంచి రెండో డబ్బా చంకన పెట్టుకుని, కమిషనర్ గారి గదిలోకి వెళ్ళింది. ఆయన ఒక్కరే కూర్చుని, అలవాట్ల రిజిస్టరులో తన పేజీ తెరుచుకుని చూస్తున్నారు. ఆవిణ్ణి చూసి చటుక్కున అరచెయ్యి అడ్డం పెట్టారు.

"ఏమిటిది అచ్చియ్యమ్మా?"

"నా ఓర్పండి. పదిహేను రోజులు. తమరికి ఇచ్చేద్దామని తెచ్చానండి."

"నాకెందుకు?"

"తమరికే ఎక్కువ అవసరం అనిపించిందండి. తప్పుగా అనుకోకండి. ఈ పుస్తకం రోజూ మోసేది నేనే కదండి. కళ్ళు మసకే గానీ, ఒంటి గీతకీ సున్నకీ తేడా తెలుస్తదండి."

కమిషనర్ గారు పేజీ మీది అరచెయ్యి తీసేసి, రిజిస్టరుని బల్లమీది గాజుపలక మీద పక్కకి జరిపారు. తర్వాత అధికార భాష వదిలేసి, మామూలుగా అన్నారు. "ఉత్తర్వు ఇచ్చింది నేను. నాలుగు నెలలైంది. రెండో రోజు అనే అంకె ఎలా ఉంటుందో నేను చూడలేదు. ఒకటి, సున్న. ఒకటి, సున్న. ఒకరోజు నడిస్తే మర్నాడు కాళ్ళు పట్టేస్తాయి, లేవలేను. ఆ మర్నాడు సిగ్గేసి మళ్ళీ వెళతాను. అరవయ్యొక్క సార్లు ఓడిపోయాను అచ్చియ్యమ్మా."

ఆవిడ డబ్బా మూత తీసి, గింజలన్నీ బల్లమీద పోసింది. గాజుమీద పడి నాలుగు వైపులా దొర్లాయి.

"ఇవి తమరివండి. తమరు నడిచిన రోజున ఒకటి వేశాను. నావి వేసుకుంటున్నాను కదా, పక్కన తమరివీ ఉంటాయిలే అని. అరవయ్యొకటండి. మండలం అంటే నలభయ్యే కదండి?"

"వరసగా ఉండాలి."

"వరసంటే ఏంటండి? మన ఊళ్ళో నీళ్ళు రోజు విడిచి రోజే ఇస్తున్నాం కదండి. పోయిన నెల పై ఆఫీసుకి పంపిన కాగితం మీద, నీటి సరఫరా క్రమం తప్పకుండా జరుగుచున్నదని తమరే సంతకం పెట్టారు. దాన్ని బీరువాలో పెట్టేముందు సుభానీ చదివి వినిపించాడండి. మరి నీళ్ళది క్రమం అయినప్పుడు తమరి నడక ఏమైందండి?"

ప్రభంజనరావు గారు ఒక గింజ తీసి అరచేతిలో పెట్టుకున్నారు. ఇంకోటి తీశారు. వాకిట్లో ఆడపిల్లలు ఆడుకున్నట్టు వరస పేర్చడం మొదలుపెట్టారు. అరవయ్యొకటి పేర్చేదాకా ఆవిడ పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడింది.

ఆయన కాగితం లాక్కుని రాశారు. "ఓర్పు బదిలీ అనుమతించడమైనది."

ఆ కాగితం హాల్లోకి వెళ్ళగానే నడవకుండా కూర్చున్నవాళ్ళంతా ఒక్కసారి లేచారు. సాయంత్రం నాలుగూ నలభయ్యయిదుకి గది ముందు బారు. ప్రతివాడూ మిగిలిన ఓర్పు కమిషనర్ గారికి రాసిచ్చి చక్కాపోయాడు. సుభానీ కిళ్ళీల దొంతరతో సహా ఎనిమిది రోజులిచ్చాడు. పేరిశాస్త్రి గారు, పొద్దుటినుంచీ కోప్పడి గొంతు బొంగురుపోయి ఉన్నారేమో, మిగతా నాలుగు కోపాలూ చేతులెత్తి సమర్పించుకున్నారు. అయిదయ్యేసరికి కమిషనర్ గారి ఖాతాలో నాలుగొందల పదకొండు రోజుల ఓర్పు జమపడింది. ఆ జిల్లాలో అంత ఓర్పుగల అధికారి మరొకరు లేరని, చింతగింజల లెక్కతో సహా పైకి రిపోర్టు వెళ్ళింది. కాజాలు ఏమయ్యాయని ఎవరూ అడగలేదు. బెంచీమీద బిల్లు కలెక్టరు మూతి తుడుచుకుంటూ లేచాడని మాత్రం అంటారు.

ఏప్రిల్ రెండున అచ్చియ్యమ్మ రక్తపరీక్షకి కూర్చుంది. నూట డెబ్బై రెండు. డాక్టరమ్మ కాగితం చూసి, "నాలుగు నెలలూ ఒక్కరోజు కూడా తప్పలేదా?" అంది.

"ఇరవయ్యారు రోజులు తప్పానండి."

"మరి?"

"మిగతావి తప్పలేదండి."

మూడున కుడికన్ను ఆపరేషన్ అయింది. మూడు వారాలు విశ్రాంతి తీసుకుని, నల్లద్దాలతో ఆఫీసుకి వచ్చింది. గదిలో అద్దాలు తీసి ముందు తెరిచింది పుట్టుకల పుస్తకం కాదు, అలవాట్ల రిజిస్టరు. కమిషనర్ గారి పేజీ. ఒకట్లూ సున్నలూ లేవు. ఏప్రిల్ తారీకుల ఎదురుగా చిన్న అక్షరాలతో, ఆయన చేతిరాతే, రాసి ఉంది. "నడిచాను." కింద, "నిన్న కుదరలేదు. ఇవాళ నడిచాను." కింద, "నడిచాను." ఆ కింద, "నడిచాను. మెట్లదగ్గర ఆగలేదు." ఒక్కో అక్షరం బియ్యపు గింజలా విడివిడిగా కనపడుతోంది.

అంతలో పేరిశాస్త్రి గారు ఒక ఫైలు పట్టుకొచ్చారు. పై ఆఫీసు ఉత్తర్వు. వేమగుంటపాలెం ప్రయోగం మిక్కిలి శ్లాఘనీయమనీ, ఇకమీదట రాష్ట్రంలోని సిబ్బంది యావన్మందీ ఏకరీతి పరిమాణముగల చింతగింజలతో, మూడేసి డబ్బాలలో, ప్రతి గింజను ధ్రువీకరిస్తూ, నెలాఖరులోగా మండలం పూర్తి చేయవలెననీ దాని సారాంశం.

"గింజలకి టెండరు పిలవాలంటారా?" అని ఆయన ఆవిణ్ణే అడిగారు.

అచ్చియ్యమ్మ ఫైలు తిప్పి చివరి పేజీ చూసింది. అడుగున కమిషనర్ గారు పచ్చసిరాతో రెండే మాటలు రాసి, రికార్డు గదికి అని బాణం గీసి పంపారు. చాలా కాలం తర్వాత ఆవిడ ఎవరి సాయమూ లేకుండా పైకి చదివింది.

"తొందర లేదు."

పేరిశాస్త్రి గారు, "ఇలాంటి రాత నా సర్వీసులో చూడలేదు" అని గొణుక్కుంటూ వెళ్ళిపోయారు. ఆవిడ నిచ్చెనెక్కి ఆ ఫైలుని అన్నిటికంటే పై అరలో, గోడవైపుకి నెట్టి పెట్టింది.

మధ్యాహ్నం సుభానీ ఒక స్టీలు గిన్నె తెచ్చి బల్లమీద పెట్టాడు. "మీ కన్ను బాగయిందని మా ఆవిడ సేమ్యా చేసి పంపిందండి పిన్నిగారూ. వద్దంటే బాధపడతాది. నేను కూడా పన్నెండు రోజులైంది మానేసి. నడుమ రెండు తిన్నాననుకోండి."

"అయితే పన్నెండేరా. రెండు తీసేయకు" అని ఆవిడ గిన్నె దగ్గరికి లాక్కుంది. జీడిపప్పు ఎక్కడుందో కూడా స్పష్టంగా కనపడుతోంది. నాలుగు చెంచాలు తిని, మిగతాది వాడి ముందుకి తోసింది.

ఆ సాయంత్రం డబ్బాలో గింజ వెయ్యలేదు. మూతపెట్టి, అరలోకి నెట్టకుండా బల్లమీదే, చేతికి అందేచోట ఉంచింది. పొద్దున్నే మళ్ళీ కావాలి కదా.